సొరంగంలోకి రోబో: ఎక్కడిదాకా వెళ్లగలదు, ఎక్కడ ఆగిపోతుంది?

క్లుప్తంగా: దారి తెరిచి ఉండి, గాలి మాత్రమే ప్రమాదకరంగా ఉన్న సొరంగంలోకి మనుషుల కంటే ముందు వెళ్లి చూసిరావడం నేటి రోబోలకు సాధ్యమే. బురదతో, రాళ్లతో పూడిపోయిన సొరంగాన్ని తవ్వి మనుషులను బయటకు తీయడం పూర్తిగా వేరే పని. తెలంగాణలోని ఎస్‌ఎల్‌బీసీ (శ్రీశైలం ఎడమగట్టు కాలువ) సొరంగ ప్రమాదంలో ఈ రెండూ ఒకటే అన్నట్టు చర్చ నడిచింది. అసలు రోబో ఎక్కువగా ఉపయోగపడేది ప్రమాదం జరగకముందు, లేదా జరిగిన తొలి గంటల్లో.

2025 ఫిబ్రవరి 22న నాగర్‌కర్నూల్ జిల్లా దోమలపెంట దగ్గర శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగంలో పైకప్పు కూలింది. ముఖద్వారం నుంచి దాదాపు 14 కిలోమీటర్ల లోపల పనిచేస్తున్న ఎనిమిది మంది చిక్కుకుపోయారు. వారిలో ఇద్దరు ఇంజినీర్లు, ఇద్దరు ఆపరేటర్లు, నలుగురు కూలీలు. ఎన్‌డీఆర్‌ఎఫ్, సైన్యం, నౌకాదళం, సింగరేణి రెస్క్యూ సిబ్బంది, రైల్వే గ్యాస్ కట్టర్ల బృందం, ఇరుకు బొరియల్లో చేతులతో తవ్వే ర్యాట్ హోల్ మైనర్లు వరుసగా దిగారు. మార్చి 9న ఒక మృతదేహం, 25న మరొకటి బయటపడ్డాయి. మిగిలిన ఆరుగురి జాడ తెలియకుండానే ఏప్రిల్‌లో గాలింపు నిలిపేశారు.

మధ్యలో, మార్చి రెండో వారంలో, హైదరాబాద్‌కు చెందిన అన్వి రోబోటిక్స్ యంత్రాలు రంగంలోకి వచ్చాయి. వీటి కోసం 4 కోట్ల రూపాయలు ఖర్చు పెట్టడానికైనా సిద్ధమని నీటిపారుదల మంత్రి ఉత్తమ్‌కుమార్‌రెడ్డి ప్రకటించారు. టీవీల్లో ‘రోబోలు దిగాయి’ అన్న మాట వినగానే చాలామందికి కలిగిన ఆశ ఒకటి, లోపల జరిగిన పని ఒకటి. చంద్రుడి మీద రోవర్‌ను నడిపిన దేశానికి 14 కిలోమీటర్ల సొరంగంలో ఒక రోబోను పంపడం కష్టమా అన్న ప్రశ్న అప్పట్లో బాగా తిరిగింది. ప్రజ్ఞాన్ రోవర్ 2023లో చంద్రుడి మీద మొత్తం నడిచింది వంద మీటర్లకు కాస్త ఎక్కువ. అక్కడ ఎండ ఉంది, ఎదురుగా సిగ్నల్ అందుకునే ల్యాండర్ ఉంది, కాళ్ల కింద నీళ్లు లేవు. సొరంగంలో ఈ మూడు అనుకూలతల్లో ఒక్కటీ ఉండదు.

ఒకే అడవిలో రెండు ప్రమాదాలు

ఎస్‌ఎల్‌బీసీకి దగ్గర్లోనే, నాలుగున్నరేళ్ల ముందు, ఇంకో భూగర్భ ప్రమాదం జరిగింది. 2020 ఆగస్టు 20 రాత్రి శ్రీశైలం ఎడమగట్టు జలవిద్యుత్ కేంద్రంలో మంటలు లేచాయి. ఆ కేంద్రం భూమి లోపల ఉంటుంది, వెళ్లడానికి సొరంగమే దారి. దట్టమైన పొగ వల్ల సహాయక సిబ్బంది లోపలికి పోవడానికి ప్రయత్నించి వెనక్కి రావాల్సి వచ్చింది. తొమ్మిది మంది చనిపోయారు.

ఈ రెండు ఘటనలను పక్కపక్కన పెట్టి చూస్తే రోబో సంగతి సగం అర్థమవుతుంది. విద్యుత్ కేంద్రంలో దారి పూడిపోలేదు. నేల గట్టిదే, లోపలి ప్లాను అందరికీ తెలిసిందే. అడ్డంకి అల్లా పొగ, వేడి. మనిషి ఊపిరితిత్తులు తట్టుకోలేనివి అవే, యంత్రం కొంతసేపు తట్టుకోగలిగేవీ అవే. వేడిని బట్టి మనిషిని గుర్తించే థర్మల్ కెమెరా బిగించిన ఒక ట్రాక్ రోబో (యుద్ధ ట్యాంకులా పట్టీల మీద నడిచేది) ఆ దారిలో వెళ్లి, ఎవరు ఎక్కడ పడి ఉన్నారో, ఏ మెట్ల దారి తెరిచి ఉందో చెప్పగలిగే పరిస్థితి అది. కాకపోతే ఆ రోబో మొదటి అరగంటలోనే గేటు దగ్గర ఉండాలి. హైదరాబాద్ నుంచి లారీలో వచ్చేసరికి దాని అవసరం తీరిపోతుంది.

ఎస్‌ఎల్‌బీసీలో పరిస్థితి దీనికి తలకిందులు. అక్కడ గాలి కంటే పెద్ద సమస్య దారే. పైకప్పుతో పాటు ఊట నీరు, మట్టి, రాళ్లు ఒక్కసారిగా దూసుకొచ్చి వంద మీటర్లకు పైగా పొడవున్న టన్నెల్ బోరింగ్ మెషిన్‌ను, అదే టీబీఎంను, చితక్కొట్టాయి. చివరి భాగం బురద, ఇనుము, కాంక్రీటు కలిసి గట్టిపడిన ముద్ద అయింది. నిమిషానికి వేల లీటర్ల నీరు ఊరుతూనే ఉంది. ఇందులో ‘వెళ్లి చూడటానికి’ ఖాళీ జాగానే లేదు.

రాయి కింద సిగ్నల్ ఎందుకు పోతుంది

ఖాళీ సొరంగంలోనైనా రోబోకు మొదటి దెబ్బ కమ్యూనికేషన్ దగ్గరే తగులుతుంది. మామూలు రేడియో తరంగాలు రాయిని దాటి పోవు. తిన్నగా ఉన్న సొరంగంలో గోడలకు తగులుతూ కొంత దూరం వెళ్తాయి. మలుపు వచ్చినా, అడ్డంగా పెద్ద ఇనుప యంత్రం ఉన్నా పడిపోతాయి. దీనికి ఇంజినీర్ల దగ్గర మూడు దారులున్నాయి.

మొదటిది కేబుల్. కరెంటు, వీడియో రెండూ అందులోనే పోతాయి కాబట్టి నమ్మకమైనది. కానీ కేబుల్ ఈడ్చుకుంటూ వెళ్లే రోబో ప్రతి మూలలోనూ ఎక్కడో ఒకచోట చిక్కుకుంటుంది. ఫుకుషిమా అణు కేంద్రంలో 2011 అక్టోబర్‌లో జపాన్ వారి క్విన్స్ రోబో ఇలాగే కేబుల్ పాడై, రియాక్టర్ భవనంలోనే ఉండిపోయింది. రెండోది, రోబో తన వెంట చిన్న చిన్న రిలే పెట్టెలు మోసుకెళ్లి, సిగ్నల్ బలహీనపడినప్పుడల్లా ఒకటి జారవిడుచుకుంటూ పోవడం. ఒక్క పెట్టె నీళ్లలో పడినా గొలుసు తెగుతుంది. మూడోది, సిగ్నల్ మీద ఆధారపడటమే మానేయడం: రోబో తనంతట తానే వెళ్లి, మ్యాప్ గీసుకుని, సిగ్నల్ అందే చోటికి తిరిగొచ్చి చెప్పడం. పరిశోధనలో గత పదిహేనేళ్ల శ్రమ ఎక్కువగా ఈ మూడోదాని మీదే సాగింది.

తనంతట తాను తిరగాలంటే తానెక్కడుందో దానికి తెలియాలి. భూమి కింద జీపీఎస్ అందదు. అందుకే లైడార్ అనే లేజర్ పరికరంతో గోడలను కొలుచుకుంటూ, ఒక కొలతకు ఇంకో కొలతకు తేడా చూసి తాను ఎంత కదిలిందో లెక్కకడుతుంది. గుహల్లో, పాత గనుల్లో ఇది బాగా పనిచేస్తుంది, ఎందుకంటే ప్రతి మీటరూ వేరేగా ఉంటుంది. టీబీఎంతో తవ్వి కాంక్రీట్ సెగ్మెంట్లు, అంటే వంపు పలకలు, బిగించిన సొరంగం అలా కాదు. నున్నటి గొట్టం, మైళ్ల కొద్దీ ఒకే రూపం. రోబో ముందుకు కదిలినా లేజర్‌కు కనిపించేది మారదు. పది మీటర్లు వచ్చిందో, వంద మీటర్లు వచ్చిందో దానికి తేలదు. చక్రాల తిరుగుడు లెక్కపెట్టి సరిచేసుకుందామంటే బురదలో చక్రాలు ఉన్నచోటే తిరుగుతుంటాయి. మనిషి కట్టిన తీరైన సొరంగమే రోబోకు గుహ కంటే ఎక్కువ ఇబ్బంది పెడుతుందన్నది బయటివాళ్లకు వింతగానే ఉంటుంది.

మీథేన్ ఉంటే రోబోనే నిప్పు

బొగ్గు గనుల్లో లెక్క ఇంకోలా ఉంటుంది. గాలిలో మీథేన్ సుమారు 5 నుంచి 15 శాతం మధ్య ఉన్నప్పుడు చిన్న నిప్పురవ్వ చాలు పేలుడుకు. మోటారు, స్విచ్, బ్యాటరీ, కెమెరా లైటు, వీటిలో ఏదైనా ఆ రవ్వ కావచ్చు. అందుకే గనిలో వాడే కరెంటు పరికరాన్ని రవ్వ పుట్టనంత తక్కువ శక్తితో నడిచేలా తయారు చేయాలి, లేదంటే లోపల పేలినా మంట బయటకు రాని మందపాటి లోహపు పెట్టెలో బిగించాలి. మన దేశంలో ధన్‌బాద్‌లోని గనుల భద్రతా డైరెక్టరేట్, డీజీఎంఎస్, అనుమతి లేకుండా ఇలాంటి పరికరాన్ని గ్యాస్ ఉన్న గనిలోకి తీసుకెళ్లకూడదు. మందపాటి పెట్టె అంటే బరువు. బరువు పెరిగితే బురదలో దిగబడటం, బ్యాటరీ త్వరగా అయిపోవడం. తేలికగా చేస్తే గ్యాస్ భయం, భద్రంగా చేస్తే కదలలేని బరువు: ఈ ఇరకాటం నుంచి బయటపడిన డిజైన్లు ఇప్పటికీ తక్కువే.

న్యూజిలాండ్‌లోని పైక్ రివర్ గనిలో ఇదంతా ఒక్కచోటే కనిపించింది. 2010 నవంబర్ 19న అక్కడ మీథేన్ పేలి 29 మంది లోపలే ఉండిపోయారు. మళ్లీ పేలుతుందన్న భయంతో మనుషులను పంపలేదు. నాలుగు రోజుల తర్వాత సైన్యం తన బాంబు నిర్వీర్య రోబోను పంపింది. 2.3 కిలోమీటర్ల ప్రవేశ మార్గంలో అది దాదాపు 550 మీటర్లు వెళ్లాక నీళ్లు తగిలి ఆగిపోయింది. వీధిలో అనుమానాస్పద సంచిని తెరవడానికి చేసిన యంత్రం అది, పైనుంచి నీళ్లు కారే గనికి చేసింది కాదు. నవంబర్ 24న గని రెండోసారి పేలింది. మనుషులను పంపకూడదన్న నిర్ణయం వల్ల ఎంతమంది రెస్క్యూ సిబ్బంది బతికిపోయారో ఆ పేలుడే చెప్పింది.

వ్యతిరేక ఉదాహరణ అమెరికాలోని క్రాండల్ కాన్యన్ గని. 2007 ఆగస్టు 6న ఆరుగురు చిక్కుకున్నారు. వాళ్ల కోసం తవ్వుతూ ఉండగా 16న మళ్లీ గోడలు పగిలి ముగ్గురు సహాయకులు చనిపోయారు. పైనుంచి వేసిన తొమ్మిది అంగుళాలైనా లేని బోరు గుండా ఒక సన్నటి రోబోను కిందికి దించారు. అదీ చివరికి లోపలే పోయింది. రోబో పోవడం పెద్ద నష్టమేమీ కాదు, దాన్ని పంపేదే అందుకు. కానీ అది పోయేలోపు పనికొచ్చే సమాచారం ఎంత పంపిందన్నదే లెక్క, అక్కడ ఆ లెక్క చాలా చిన్నది.

పోటీలో గెలిచినవి, ప్రమాదంలో ఆగినవి

ఇన్ని వైఫల్యాలు చూశాక, సాంకేతికత ఎక్కడిదాకా వచ్చిందో తేల్చుకోవడానికి అమెరికా రక్షణ పరిశోధన సంస్థ డార్పా ఒక పోటీ పెట్టింది. 2018లో మొదలై 2021 సెప్టెంబర్‌లో కెంటకీ రాష్ట్రంలోని లూయీవిల్‌లో, ఒక పాత సున్నపురాయి గనిలో ముగిసింది. నియమాలు ఆసక్తికరంగా ఉంటాయి. జట్టుకు ఒకే ఒక్క మనిషి బయట కూర్చుని రోబోల గుంపును చూసుకోవాలి. గంట సమయం. లోపల దాచిన మనిషి బొమ్మలు, సెల్‌ఫోన్లు, బ్యాక్‌ప్యాక్‌ల వంటి 40 వస్తువులను కనిపెట్టి, ప్రతిదాని స్థానాన్నీ ఐదు మీటర్ల తేడాలోపు చెప్పాలి.

మొదటి రెండు జట్లూ చెరి 23 వస్తువులు పట్టుకున్నాయి. టై అవడంతో ఆఖరి వస్తువును ఎవరు ముందు చెప్పారో చూసి, సెర్బరస్ జట్టుకు 20 లక్షల డాలర్ల మొదటి బహుమతి ఇచ్చారు. రెండో స్థానం ఆస్ట్రేలియా ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ఓ జట్టుది. సెర్బరస్ నాలుగు కాళ్ల రోబోలను నమ్ముకుంది. ఆస్ట్రేలియా జట్టు ట్రాక్ రోబోలను, కాళ్ల రోబోలను, డ్రోన్లను కలిపి వాడింది. కాళ్లున్నవి మెట్లు, పట్టాలు దాటుతాయి. ట్రాక్ ఉన్నవి బరువు మోస్తాయి. డ్రోన్‌కు నేలతో పనిలేదు, కానీ లైడార్ మోస్తూ ఎగిరితే పది నిమిషాలకు అటూ ఇటూగా బ్యాటరీ అయిపోతుంది.

ప్రపంచంలోని ఉత్తమ జట్లు, తీరిగ్గా మూడేళ్లు సిద్ధమై, గంటలో కనిపెట్టింది సగం కంటే కొంచెం ఎక్కువ. అది తక్కువ కాదు, పదేళ్ల ముందు ఊహకు అందనిది. కానీ ఆ గనిలో దారులు ఇరుకైనా తెరిచే ఉన్నాయి. వస్తువులు మట్టి కింద పాతిపెట్టలేదు.

ఉత్తరకాశీ సిల్‌క్యారా సొరంగంలో 2023 నవంబర్ 12న మట్టి కూలి 41 మంది అవతల చిక్కుకున్నప్పుడు తేడా బయటపడింది. డీఆర్‌డీఓ తన దక్ష్ తరగతి రోబోలను తెచ్చింది. వదులుగా ఉన్న రాళ్లు, మట్టి కుప్ప మీద అవి కదలలేకపోయాయి. పనికొచ్చింది ఆరంగుళాల పైపు: దాని గుండా నవంబర్ 21న పంపిన చిన్న ఎండోస్కోపీ కెమెరాలో కార్మికుల ముఖాలు మొదటిసారి కనిపించాయి. పెద్ద మరలాంటి బ్లేడుతో అడ్డంగా తవ్వే అమెరికన్ ఆగర్ యంత్రం విరిగాక, చివరి పది పన్నెండు మీటర్లు ర్యాట్ హోల్ మైనర్లు చేతులతో తవ్వారు. 28న 41 మందీ బయటపడ్డారు. అక్కడ కూలిన మట్టి మనుషుల మీద పడలేదు, వాళ్ల వెనక పడింది. అవతల రెండు కిలోమీటర్ల దాకా ఖాళీ సొరంగం, గాలి ఉన్నాయి. ఎస్‌ఎల్‌బీసీలో ఆ అదృష్టం లేదు.

ఎస్‌ఎల్‌బీసీలో రోబో పని ఏమిటి?

దోమలపెంటకు తెచ్చినవి నిజానికి అన్వేషణ రోబోలు కావు. హైడ్రాలిక్ చేయి ఉన్న యంత్రం, దానికి తోడు బురదను లాగేసే వాక్యూమ్ పంపు, ట్యాంకు. దూరం నుంచి నడిపే తవ్వకపు యంత్రాలని అంటే సరిగ్గా సరిపోతుంది. వాటి ఉద్దేశం కూడా సబబైనదే. చివరి కొద్ది మీటర్లలో పైకప్పు మళ్లీ కూలే ప్రమాదం ఉందని నిపుణులు హెచ్చరించారు కాబట్టి, అక్కడ మనిషి బదులు యంత్రం నిలబడాలి. కానీ బురదను లాగినంత వేగంగానే నీరు ఊరుతుంటే, మధ్యమధ్య టీబీఎం ఇనుము అడ్డుపడుతుంటే, లాగిన బురదను బయటకు చేర్చే కన్వేయర్ బెల్టు తరచూ చెడిపోతుంటే, రోబో ఒక్కటే వేగం పెంచలేదు. 14 కిలోమీటర్ల గొలుసులో అన్నిటికంటే నెమ్మదైన లంకె ఏదో దాని వేగమే మొత్తం పని వేగం.

మరి పూడిపోయిన మనిషిని వెతకడానికి ఏది ఉపయోగపడింది? హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, ఎన్‌జీఆర్‌ఐ, శాస్త్రవేత్తలు భూమిలోకి చొచ్చుకుపోయే రాడార్‌తో కొన్ని చోట్లను గుర్తించారు. చుట్టూ ఇనుప ముక్కలు, తడి బురద ఉన్నచోట రాడార్‌కు ఒక ప్రతిధ్వనికి ఇంకోదానికి తేడా తెలియడం కష్టం. నీరు ఎక్కువున్న మట్టి రాడార్ తరంగాలను మింగేస్తుంది, లోహం వాటిని అడ్డంగా తిప్పికొడుతుంది. తర్వాత మృతదేహాల వాసన పట్టే కేరళ పోలీసుల కెడావర్ డాగ్స్, మాయ, మర్ఫీ అనే బెల్జియన్ మాలినోయిస్ జాతి కుక్కలు, వచ్చి వాసన పట్టాయి. అవి చూపిన ప్రాంతంలోనే మార్చి 9న మొదటి మృతదేహం దొరికింది. వాసనను అంత నిశితంగా పట్టే సెన్సర్ ఇప్పటికి ఏ రోబో మీదా లేదు.

పైనుంచి బోరు వేసే దారీ లేదు. కూలిన చోటికి పైన దాదాపు 400 మీటర్ల మందాన నేల, రాయి ఉన్నాయి, దాని పైన అమ్రాబాద్ పులుల అభయారణ్యం. అడవి కారణంగానే దాదాపు 44 కిలోమీటర్ల ఈ సొరంగానికి మధ్యలో పక్కదారులు, నిలువు బావులు పెట్టలేదు. రెండు చివరల నుంచి మాత్రమే తవ్వుతూ వచ్చారు. మనిషికైనా రోబోకైనా వెళ్లడానికి, రావడానికి అదొక్కటే దారి.

కూలకముందు చూడటం

రోబోలకు భూమి కింద స్థిరమైన ఉద్యోగం దొరికింది రెస్క్యూలో కాదు, రోజువారీ తనిఖీలో. ఈ ఆలోచనకు మూలం కూడా ఒక ప్రమాదమే. 2002 జూలైలో పెన్సిల్వేనియాలోని క్వెక్రీక్ గనిలో తవ్వుతున్న కార్మికులు పక్కనే నీటితో నిండిన పాత గనిలోకి బొక్క పెట్టేశారు. మ్యాపులో ఆ పాత గని హద్దు తప్పుగా ఉంది. తొమ్మిది మంది చిక్కుకుని, అదృష్టవశాత్తు అందరూ బయటపడ్డారు. పాత గనుల మ్యాపులు మళ్లీ గీయాలంటే లోపలికి ఎవరు పోవాలి? కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం వారు గ్రౌండ్‌హాగ్ అనే రోబోను తయారు చేసి 2003లో వదిలేసిన మాథీస్ గనిలోకి పంపారు. మూడు వందల మీటర్లకు పైగా ఒంటరిగా వెళ్లి, కూలిన దూలం అడ్డొస్తే ఆగింది. ఆగిందే కానీ వెళ్లినంత మేరా మ్యాప్ ఇచ్చింది.

ఇప్పుడు ఆస్ట్రేలియా వంటి చోట్ల పెద్ద గనుల్లో పేల్చిన తర్వాత మనిషి అడుగుపెట్టకూడని ఖాళీల్లోకి లైడార్ డ్రోన్‌ను పంపి కొలతలు తీయించడం మామూలైంది. డార్పా పోటీలో రెండో స్థానం వచ్చిన జట్టులో పాలుపంచుకున్న ఎమెసెంట్ కంపెనీ చేసే పని అదే. మన దగ్గర మ్యాన్‌హోళ్లు శుభ్రం చేయడానికి కేరళలో 2018లో వచ్చిన బ్యాండికూట్ రోబో నిలదొక్కుకోవడానికీ కారణం ఇలాంటిదే. పని చిన్నది, గొయ్యి కొలతలు ముందే తెలుసు, నడిపే మనిషి పైనే ఉంటాడు.

సొరంగంలో ఈ తనిఖీకి విలువ ఎందుకంటే, కప్పు కూలేముందు తరచుగా కొన్ని ఆనవాళ్లు కనిపిస్తాయి. ఊట పెరుగుతుంది, నీళ్లు మట్టి రంగుకు తిరుగుతాయి, సెగ్మెంట్ల మధ్య సందులు వెడల్పవుతాయి. రోజూ ఒకే దారిలో తిరుగుతూ గోడలను మిల్లీమీటర్లలో కొలిచే యంత్రానికి నిన్నటికి ఇవాళ్టికి తేడా తెలుస్తుంది. అయితే తేడా తెలియడం వేరు, దాన్ని చూసి పని ఆపడం వేరు. ఎస్‌ఎల్‌బీసీలో కూలిన ప్రాంతం బలహీనంగా ఉందని 2020 నాటి భూకంప తరంగాల సర్వే ముందే సూచించినట్టు ప్రమాదం తర్వాత పత్రికల్లో కథనాలు వచ్చాయి. సమాచారం కొరతే అసలు సమస్య అయితే రోబో తీరుస్తుంది. నిర్ణయం కొరత అయితే తీర్చదు.

ఎస్‌ఎల్‌బీసీలో ఇంకా తొమ్మిది కిలోమీటర్లకు పైగా తవ్వాలి. ఇక టీబీఎం కాకుండా డ్రిల్లింగ్, బ్లాస్టింగ్ పద్ధతిలో వెళ్లాలని ప్రభుత్వం నిర్ణయించింది. 2025 నవంబర్‌లో హెలికాప్టర్‌కు వేలాడదీసిన పెద్ద వలయంతో ఎన్‌జీఆర్‌ఐ ఆధ్వర్యంలో విద్యుదయస్కాంత సర్వే మొదలైంది. ముందున్న రాయిలో పగుళ్లు, నీళ్లు ఎక్కడున్నాయో పైనుంచే తెలుసుకోవడం దీని ఉద్దేశం. బ్లాస్టింగ్ పద్ధతిలో ప్రతి పేలుడు తర్వాతా పొగ తగ్గాక, వదులుగా వేలాడే రాళ్లను ఎవరో ఒకరు వెళ్లి చూడాలి. సొరంగం పనిలో అత్యంత ప్రమాదకరమైన నిమిషాలవి. డ్రోన్ గానీ, ట్రాక్ రోబో గానీ అచ్చంగా సరిపోయే చోటు కూడా అదే: దారి తెరిచి ఉంటుంది, దూరం తక్కువ, కేబుల్ అందుతుంది, మీథేన్ భయం బొగ్గు గనిలో అంత ఉండదు.

దీనికి అడ్డంకి ధర కంటే చట్టంలోనే ఎక్కువగా ఉంది. బొగ్గు గనులకు 1985 నాటి మైన్స్ రెస్క్యూ రూల్స్ ప్రకారం శిక్షణ పొందిన సిబ్బందితో, పరికరాలతో రెస్క్యూ స్టేషన్ అందుబాటులో ఉండాలి. సింగరేణి బృందం అంత అనుభవంతో దోమలపెంట రాగలిగిందంటే ఆ నిబంధన వల్లే. సాగునీటి సొరంగాన్ని చట్టం గనిగా చూడదు, నిర్మాణ స్థలంగా చూస్తుంది. కాబట్టి 14 కిలోమీటర్ల లోపల మనుషులు పనిచేస్తున్నా, ముఖద్వారం దగ్గర రెస్క్యూ బృందం గానీ, రోబో గానీ, లోపలంతా పనిచేసే కమ్యూనికేషన్ కేబుల్ గానీ గనుల తరహాలో తప్పనిసరి కావు. టెండరు పత్రంలో రాస్తేనే అవి వస్తాయి.